విచిత్రుల సాంగత్యం

లోకం కళాకారుడికి కొన్ని తప్పులు మాఫీ చేస్తుంది. బడిపంతులు ఆలస్యంగా వస్తే కోపగించుకునే ఊరే, పాటగాడు రెండు గంటలు ఆలస్యంగా వస్తే చాపల మీద ఓపికగా కూర్చుంటుంది. వడ్రంగి చెప్పిన రోజుకు తలుపు చేసి ఇయ్యకపోతే మాట తప్పినవాడంటాము. కవి చెప్పిన రోజుకు కావ్యం ఇయ్యకపోతే ప్రేరణ కలుగలేదంటాము. పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అన్న సామెతను మనం అందరికీ సమానంగా వర్తింపజేయము. కళాకారుడి పుర్రెలో పుట్టిన బుద్ధికి గౌరవం, తక్కినవారి బుద్ధికి మందలింపు. ఈ పక్షపాతం వెనుక ఒక నమ్మకం ఉన్నది: వంకర లేనిచోట ప్రతిభ ఉండదని, ఆ రెండూ ఒకే వేరునుంచి మొలిచిన కొమ్మలని.

దూరాన కూర్చుని వినే శ్రోతకు ఈ నమ్మకం వల్ల నష్టమేమీ లేదు. అతడికి చివరకు చేరేది పాట మాత్రమే. కాని ఆ పాట తయారవుతున్నంత కాలం ఆ విచిత్రపురుషుడి పక్కన కూర్చుని పనిచేసేవారు కొందరుంటారు. వాద్యం శ్రుతి చేసేవాడు, శబ్దం పట్టే యంత్రం దగ్గర కూర్చున్నవాడు, తాళం వేసేవాడు, టీ తెచ్చేవాడు. వారి మాట ఏమిటి? తోటివాడి విపరీతాన్ని ఎంతవరకు భరించడం ధర్మం? ఎక్కడినుంచి ఆ సహనం అధర్మానికి లొంగిపోవడమవుతుంది?

ఈ ప్రశ్న అన్నిటికంటె స్పష్టంగా కనబడే చోటు పాశ్చాత్య రాక్ బృందాల రికార్డింగు గది. పూర్వం పాటను రికార్డు చేయడమంటే అందరూ కలిసి కూర్చుని ఒక్కసారిగా పాడడమే. తప్పు దొర్లితే మళ్ళీ మొదటినుంచి. కాలమే అక్కడ క్రమశిక్షణ నేర్పేది. ఒకే టేపు మీద వేర్వేరు ధ్వనులను పొరలు పొరలుగా పట్టే సాధనం వచ్చిన తరువాత ఆ కట్టుబాటు సడలిపోయింది. డ్రమ్ము నేడు, గిటారు రేపు, గొంతు వచ్చే నెల. నచ్చనిదాన్ని తుడిచి మళ్ళీ పట్టవచ్చు. పని ముగిసిందని చెప్పే అధికారం గడియారం చేతిలోనుంచి మనిషి మనసు చేతిలోకి వెళ్ళింది. మనసుకు చివరి గంట అంటూ లేదు.

1966లో అమెరికాలో బీచ్ బాయ్స్ బృందపు స్వరకర్త బ్రయన్ విల్సన్ ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే ఒక్క పాట కోసం ఫిబ్రవరి మొదలు సెప్టెంబరు దాకా పలు స్టూడియోలు మారుతూ పనిచేశాడు. ఆ పాట గొప్ప విజయం పొందింది. తరువాత ‘స్మైల్’ అనే ఆల్బం తలపెట్టి, ఇంట్లో పియానో కింద ఇసుక పోయించుకుని, పాదాలు ఇసుకలో పెట్టి వాయించేవాడు. ఆ నవంబరులో అగ్నిని గూర్చిన స్వరఖండం పట్టిననాడు వాద్యకారులందరిచేత అగ్నిమాపకదళంవారి బొమ్మటోపీలు పెట్టించి, గదిలో కట్టెల పొగ వేయించాడు. తరువాత ఆ పరిసరాల్లో ఒక కట్టడం కాలిందని విని, తన సంగీతమే దానికి కారణమేమోనని భయపడి ఆ ఖండాన్ని పక్కన పెట్టేశాడు. 1967లో ఆల్బమే ఆగిపోయింది. అతడు దాన్ని కొత్తగా పాడి పూర్తిచేసి లోకానికి వినిపించింది 2004లో. 2025లో అతడు మరణించాడు.

మరొక ఉదాహరణ గన్స్ ఎన్ రోజెస్ బృందానిది. 1990ల నడుమ మొదలుపెట్టిన ‘చైనీస్ డెమొక్రసీ’ అనే ఆల్బం 2008 నవంబరులో వెలువడింది. బృందాన్ని స్థాపించినవారిలో గాయకుడు ఆక్సల్ రోజ్ తప్ప తక్కినవారు అప్పటికి వెళ్ళిపోయారు. ధ్వనినిపుణులు వచ్చారు, పోయారు. అప్పటికే కోటీ ముప్ఫై లక్షల డాలర్లు ఖర్చయిందని 2005లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వ్రాసింది. నడుమ చేరిన గిటారు విద్వాంసుడొకడు ముఖానికి తెల్లని ముసుగు, తలమీద కోడిమాంసం అమ్మే దుకాణంవారి కాగితపు బకెట్టు ధరించి వాయించేవాడు. బకెట్‌హెడ్ అన్నదే అతడి పేరు. అతడి కోసం స్టూడియోలో కోళ్ళగూడు వంటిది కట్టారని, అందులో కూర్చుని అతడు వాయించాడని ఆ పత్రికే చెప్పింది.

ఇటువంటి కథలు విన్నప్పుడు మనకు తోచే సమాధానాలు రెండు. మొదటిది భక్తుడి సమాధానం: పెరుగు కావాలంటే పాలు తోడుకునేదాకా కదపకూడదు, కళాకారుణ్ణి అతడి మానాన వదిలిపెట్టండి. రెండవది గుమాస్తా సమాధానం: ఒప్పందం ఒప్పందమే, వచ్చిన వేళ, పోయిన వేళ పుస్తకంలో వ్రాయండి, జీతం కోయండి. భక్తుడి మాటలో తోటివాడి శ్రమ కనిపించదు. గుమాస్తా మాటలో పాట కనిపించదు. ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవిస్తారు: విచిత్రుడెవరో తమకు ముందే తెలుసునని. ముసుగు వేసుకున్నవాడు, ఇసుకలో కాళ్ళు పెట్టినవాడు విచిత్రుడు. పక్కన నిలబడ్డవాడు మామూలు మనిషి. ఈ విభజన నిజంగా అంత తేలికా?

దీన్ని పరీక్షించడానికి స్టూడియోను విడిచి కొంతసేపు రాయపూర్ పోదాము. తెలుగువారికి అది దూరపు ఊరు కాదు. విజయనగరంలో రైలెక్కి పార్వతీపురం, రాయగడల మీదుగా పోతే వచ్చే పట్టణం. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి రాజధాని. అక్కడ కూడా ఒక మనిషి విచిత్రులతో కలిసి చాలాకాలం పనిచేశాడు. ఆ పని రాక్ ఆల్బం కాదు, నాటకం. కాని అందులో పాటగాళ్ళున్నారు, వాద్యగాళ్ళున్నారు, అంతులేని సాధన ఉన్నది, తోటివారి సహనానికి పరీక్ష ఉన్నది.

హబీబ్ తన్వీర్ 1923లో రాయపూర్‌లో పుట్టారు. 1955లో ఇంగ్లండు వెళ్ళి నాటకవిద్య నేర్చుకున్నారు. బెర్లిన్ వెళ్ళి, కొద్దికాలం ముందే కన్నుమూసిన బ్రెహ్ట్ నాటకాలను ఆయన బృందంవారే ఆడుతుండగా చూశారు. 1958లో ఇంటివారిని చూడడానికి రాయపూర్ వచ్చినప్పుడు, తాము చదువుకున్న పాఠశాల మైదానంలో ఆ రాత్రి నాచా ఉన్నదని విని వెళ్ళారు. నాచా ఛత్తీస్‌గఢీ పల్లెల ఆట. రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. మగవారే ఆడవేషాలు కడతారు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడి వంటి హాస్యగాడు ఉంటాడు. అందులోని హాస్యఘట్టాన్ని ‘గమ్మత్’ అంటారు. గమ్మత్తు అనే మాట మనకూ ఉన్నది. వినోదాన్ని గమ్మత్తంటాము, వింతనూ గమ్మత్తంటాము. వింతకు, వినోదానికి ఉన్న చుట్టరికాన్ని భాష మనకంటె ముందే గుర్తించినట్టున్నది.

తన్వీర్ ఆ రాత్రంతా కూర్చుని చూశారు. ఢిల్లీకి వస్తారా అని ఆ ఆటగాళ్ళను అడిగారు. మదన్ లాల్, ఠాకుర్ రామ్, భుల్వా రామ్, లాలూ రామ్, బాబూదాస్, మోహరీ అనే ఊదువాద్యం వాయించే జగ్‌మోహన్, ఈ ఆరుగురూ ఆయనతో చేరారు. శూద్రకుడి మృచ్ఛకటికాన్ని ‘మిట్టీ కీ గాడీ’ అన్న పేరుతో వారితో ఆడించారు. 1959లో మోనికా మిశ్రాతో కలిసి నయా థియేటర్ స్థాపించారు. కథ ఇక్కడితో సుఖాంతమైతే చెప్పుకోవలసినది లేదు. అసలు కష్టం ఇక్కడే మొదలయినది.

పల్లెల్లో వేలమంది జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టిన ఆ మహానటులు ఢిల్లీ రంగస్థలం మీద బిగుసుకుపోయారు. కుడివైపు నాలుగడుగులు వేసి నిలబడి ఈ మాట అనుమంటే, కుడి ఏదో ఎడమ ఏదో వారికి తోచేది కాదు. నిన్న నిలిచిన చోట నేడు నిలిచేవారు కారు. నిన్న అన్న మాటను నేడు అదే వరసలో అనేవారు కారు. హిందీ వాక్యాలు వారి నోట అరువు తెచ్చుకున్న చొక్కాలా వేలాడేవి. క్రమశిక్షణ నేర్చుకుని వచ్చిన దర్శకుడికి ఇంతకంటె విచిత్రులైన సహచరులు ఉండగలరా? లండను పాఠశాలలో నేర్పిన కొలతలతో చూస్తే వారు పనికిరానివారు. మరొకరైతే వారిని తిరిగి ఊరికి పంపేవారు. లేదా పనికివచ్చేదాకా వంచేవారు.

తన్వీర్ వంచడానికే ప్రయత్నించారు, ఒక సంవత్సరం కాదు, పన్నెండేళ్ళకు పైగా. ఈ విషయం ఆయనే దాచకుండా తరువాత చెప్పుకున్నారు. తన తప్పులు రెండని ఆయన నిర్ణయం: వారి తల్లిభాషను వారికి కాకుండా చేయడం, వారి కదలికను గీతలలో బంధించడం. నాచా ఆటగాడికి చుట్టూ మూడువైపులా జనం. ఎటునుంచి నవ్వు వచ్చిందో అటు తిరుగుతాడు. ఎటు కదలిక లేదో అటు నడిచి అక్కడివారిని లేపుతాడు. అతడి కుడియెడమలను నిర్ణయించేది జనం. జనానికి బదులు సుద్దగీత గీసి, దాని మీద నడవలేదని అతణ్ణి మందబుద్ధి అనడం, చేపను చెట్టెక్కించి కాళ్ళు లేవని నిందించడం వంటిది.

కాబట్టి ఆ పన్నెండేళ్ళలో విచిత్రుడెవరు? ఆటగాళ్ళా, దర్శకుడా? వంకర అనేది ఒక గీతను బట్టి చూస్తేనే వంకర. ఆ గీత ఎవరు గీశారన్నది అడగకుండా, ఎవరు తప్పారన్నది తేల్చడం న్యాయం కాదు. రాయపూర్ కథలోని మొదటి పాఠం ఇది: తోటివాడు విపరీతంగా తోచినప్పుడు, అతణ్ణి సహించే ముందు, దండించే ముందు, అతడు విపరీతమా లేక నా కొలబద్ద అతడికి పొడుగా అని నన్ను నేను ప్రశ్నించుకోవలె. సహనం గొప్ప గుణమే. కాని సహించేవాడు తాను నేరుగా ఉన్నాననుకుంటాడు. అందులో అహంకారపు ఛాయ ఉన్నది. నేర్చుకునేవాడికి ఆ చిక్కు లేదు.

1973లో రాయపూర్‌లోనే తన్వీర్ పెద్ద నాచా శిబిరం నడిపారు. నెల రోజులపాటు పల్లెల ఆటగాళ్ళు ఎందరో అక్కడ చేరారు. మూడు పాత నాచా ఘట్టాలను కలిపి, పెండ్లిపాటలను అల్లి, ‘గాఁవ్ కే నాఁవ్ ససురార్, మోర్ నాఁవ్ దమాద్’ తయారుచేశారు. భాష ఛత్తీస్‌గఢీ. మాటలు ఆటగాళ్ళు తమంతట తాము కల్పించుకున్నవి. దర్శకుడు వాటిని ఏరి కూర్చాడు. తరువాత ఒకటి రెండేళ్ళకే ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చినది. విజయదాన్ దేథా రాజస్థానీలో చెప్పిన కథ అది. 1982లో ఎడింబరో ఉత్సవంలో ఆ నాటకం ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం పొందింది. కుడియెడమలు తెలియవన్న సంప్రదాయంవారే ఆ పురస్కారం తెచ్చారు.

అయితే ఇక్కడితో ఆగితే మనం భక్తుడి సమాధానానికే మరొక దారిన చేరినట్లవుతుంది. ప్రతి వంకర వెనుక ఒక అజ్ఞాత న్యాయం ఉన్నదని, అందరినీ అర్థం చేసుకుంటే చాలునని. అది నిజం కాదు. కొలబద్ద మార్చి చూసినా వంకరగానే మిగిలేవి ఉంటాయి. వాటిని గూర్చిన రెండవ పాఠం ఆ నాటకంలోని దొంగే చెబుతాడు.

చరణ్‌దాస్ దొంగ. ఒక గురువు ముందు వేళాకోళంగా నాలుగు వ్రతాలు పడతాడు: బంగారు పళ్ళెంలో భోంచేయను, ఏనుగు మీద ఊరేగను, రాణిని పెండ్లాడను, రాజ్యమేలను. దొంగకు ఇవి ఎన్నడు ఎదురవుతాయి? గురువు ఐదవదాన్ని కలుపుతాడు: అబద్ధమాడరాదు. కాలం గడిచి నాలుగూ వరుసగా ఎదురవుతాయి. నాలుగింటినీ అతడు కాదంటాడు. రాణి పెండ్లాడమని అడుగుతుంది, ఒల్లనంటాడు. పోనీ, ఈ మాట బయట చెప్పకని కోరుతుంది. అబద్ధమాడను కనుక ఆ మాటా ఇయ్యలేనంటాడు. అందుకు ప్రాణం పోగొట్టుకుంటాడు.

లోకవ్యవహారం దృష్టితో ఇంతకంటె మంకుపట్టు లేదు. పరిహాసానికి అన్న మాట కోసం ఎవడైనా చస్తాడా? అయినా ప్రేక్షకులు అతణ్ణి పిచ్చివాడనరు. నాటకం అయిపోయిన తరువాత కూడా కొంతసేపు మాట్లాడలేరు. ఎందుకు? అతడి విపరీతానికి వెల అతడే చెల్లించాడు కనుక. తన మెడ మీద పెట్టుకున్న కత్తి వ్రతమవుతుంది; పరుల మెడ మీద పెట్టినది నిరంకుశత్వమవుతుంది. పట్టుదల రెండిటిలోనూ ఒక్కటే. తేడా అంతా వెల ఎవరిది అన్నదానిలో ఉన్నది.

ఈ కొలతతో మళ్ళీ స్టూడియోలోకి చూడవచ్చు. కోళ్ళగూటిలో కూర్చున్న గిటారు వాద్యకారుడు అందరికంటె విచిత్రంగా కనబడతాడు. కాని అతడు తన గూట్లో కూర్చుని తన పని చేశాడు. నాలుగు పలకల ఖర్చు తప్ప అతడి ముసుగు ఎవరి బ్రతుకునూ ఆపలేదు. ఆల్బం ఏండ్ల తరబడి సాగడమన్నది వేరే రకం సంగతి. దానికి కారణం ఒక్కరిదే అనడం అన్యాయం. కాని ఆగుమనే అధికారం ఉన్నవాడి అనిశ్చయం, ఆ అధికారం లేనివారి ఆయుర్దాయంలోనుంచి ఖర్చవుతుందన్నది నిజం. యంత్రం దగ్గర కూర్చున్న యువకుడి సంవత్సరం తిరిగి రాదు. కంటికి కనబడే విచిత్రం వేరు, వెల పెట్టించే విచిత్రం వేరు. లోకం మొదటిదాన్ని చూసి నవ్వుతుంది. రెండవది మామూలు దుస్తులు వేసుకుని ఉంటుంది కనుక దాన్ని గుర్తించదు.

బ్రయన్ విల్సన్ మాట మరింత కష్టం. టోపీలు పెట్టుకున్న వాద్యకారులకు ఆనాటి కూలి ముట్టింది. బహుశా నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళారు. అతడు మాత్రం తన భయంతో తాను మిగిలాడు. అతడిది వ్రతం కాదు, జబ్బు. అటువంటివాడి పక్కన ఉన్నవారికి కొలబద్దలతో పనిలేదు. వైద్యుణ్ణి పిలవడమే పని. జబ్బును ప్రతిభగా పూజించడం కూడా ఒక క్రూరత్వమే. మనం పాట విని, మనిషిని వదిలేస్తాము.

తన్వీర్ పక్షం కూడా ఈ కొలతకు నిలబడవలసిందే. ఆయన నేర్చుకున్న పన్నెండేళ్ళకు ఫీజు ఎవరు కట్టారు? కొంత ఆయన కట్టారు, నిజమే. మిగిలినది ఊరు విడిచి, పొలం విడిచి, ఢిల్లీ చలిలో తమది కాని భాషలో తడబడి, తమ విద్య తమకే అనుమానమైన ఆటగాళ్ళు కట్టారు. అనేక ప్రదర్శనలలో చరణ్‌దాస్ పాత్ర ధరించిన గోవిందరామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ వచ్చినది. అదే సంవత్సరం జూన్‌లో తన్వీర్ మరణించారు. 2012లో నిర్మల్కర్ పోయారు. ఆయన చివరి సంవత్సరాలు అనారోగ్యంతో, డబ్బుకు ఇబ్బందితో గడిచాయి. ఎడింబరోలో చప్పట్లు అందుకున్న చేతులవి. ఆ లెక్క ఒక్క దర్శకుడి పేర వ్రాయదగినది కాదు. చప్పట్లు కొట్టి ఇండ్లకు పోయిన మనందరి పేర వ్రాయవలసినది.

ఆ నేల మీదనే మరొక విచిత్రుడున్నాడు. రాజనందగావ్ దగ్గర రవేలీ గ్రామానికి మాల్గుజారైన దావూ దులార్ సింగ్ సావ్, మందరాజీ అన్నది ఆయన వాడుక పేరు, 1920ల చివర నాచా బృందం కట్టాడు. ఆ ఆటలో హార్మోనియం ప్రవేశపెట్టినవారిలో ఆయన పేరు మొదట చెబుతారు. నాచా మోజులో భూములు కరిగిపోయాయి. చివరకు పేదరికంలో 1984లో కన్నుమూశాడు. ఇప్పుడు ఆయన పేర ప్రభుత్వం పురస్కారం ఇస్తున్నది. వెల తానే చెల్లించాడు కనుక చరణ్‌దాస్ వంటివాడే అనబోతాము. కాని కరిగిన భూమి మీద ఇంటివారికీ హక్కు ఉండదా? ఎవరి వెల వారే చెల్లిస్తున్నామనుకునే చోట కూడా రాయితీ ఇచ్చినవారు చాటున ఉంటారు. వారి పేర పురస్కారాలు లేవు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పని జరుగుతుండగా వెల ఎంతవుతుందో, ఎవరి మీద పడుతుందో ఎవరికి తెలుస్తుంది? 1960లో ఠాకుర్ రామ్ తడబాటు చూసినవారెవరూ 1982ను ఊహించలేరు. నిజమే. ముందే తెలిసే ధర్మం అరుదు. కాని అడగడానికి ముందుచూపు అక్కరలేదు. గీత ఎవరు గీశారు? వెల ఎవరు కడుతున్నారు? ఈ రెండు ప్రశ్నలూ ఏ రోజు సాధనలోనైనా ఆ రోజుకారోజు అడగవచ్చు. వాటిని అడిగే అవకాశం టీ తెచ్చేవాడికి కూడా ఉన్నచోట ఎంతటి విచిత్రుడితోనైనా ఎన్నాళ్ళైనా పనిచేయవచ్చు. అడగడమే అపచారమన్నచోట మామూలు మనిషితో కూడా ఒక పూట పనిచేయరాదు.

వెర్రి వేయి విధాలని పెద్దలు అన్నారు. వెయ్యిటిలో కొన్ని మన కొలబద్ద పుట్టించినవి. వాటికి మందు మనం నేర్చుకోవడం. కొన్ని జబ్బులు, వాటికి మందు కరుణ. కొన్ని వ్రతాలు, వాటికి నమస్కారం. మిగిలినవి అధికారం వేసుకున్న వేషాలు. వాటిని ప్రతిభ అన్న పేరు పెట్టి పిలవకుండా ఉండగలిగితే, తోటివారిపట్ల మన బాధ్యతలో సగం తీరినట్టే. మిగిలిన సగం, పాట వింటున్నప్పుడు అందులో వినబడనివారిని కూడా తలచుకోవడం.